పదిమందితో తెరచిన బడి

1871లో జపాను ప్రభుత్వము తన రాయబారులతో కూడ అయిదుగురు ఆడపిల్లలను చదువుకొరకు అమెరికాకు ఓడ యెక్కించెను. అందరిలో చిన్నది త్సుదా ఉమెకో, ఆమెకు ఆరేండ్లు. పదేండ్లకని బిడ్డను సముద్రము దాటించిన ఆ తల్లి హృదయమును మన తల్లులే ఎరుగుదురు.

1873లో ఆ చిన్నది అక్కడ బాప్తిస్మము పొందెను. క్రైస్తవ మతము కూడదని నాటిన పలకలను జపానులో తీసివేసినది ఆ యేడే. తండ్రి 1875లో, అనగా కుమార్తె తరువాత, బాప్తిస్మము పొందెను.

1882లో తిరిగి వచ్చునప్పటికి ఆమె మాతృభాషను మరచిపోయెను. పరదేశమున చదివివచ్చిన మగవారికి ఉద్యోగములు దొరకెను. అదే సర్కారు సొమ్ముతో చదివిన ఈమెకు పని చూపువారు లేరైరి. కొంతకాలమునకు, 1885లో, గొప్పయిండ్ల బాలికల పాఠశాలలో ఉపాధ్యాయిని ఆయెను. మంచి భార్యలగుటకు చాలినంత చదువే అక్కడి చదువు. ఆమెకు అది చాలలేదు, చాలదు కూడ.

1889లో మరల అమెరికాకు పోయి బ్రిన్ మార్ కళాశాలలో జీవశాస్త్రము చదివెను. కప్పగ్రుడ్డును గూర్చి గురువుతో కలసి ఆమె వ్రాసిన వ్యాసము 1894లో అచ్చుపడెను. అయినను ఆమె మనస్సు స్వదేశపు బాలికలమీదనే యుండెను. వారును అట్లే వచ్చి చదువుటకై అమెరికా స్త్రీలచేత ఒక నిధి కూర్పించెను.

1900లో టోక్యోలో పదిమంది విద్యార్థినులతో సొంత బడి తెరచెను. ఆంగ్లము నేర్పి తమ కూడు తాము సంపాదించుకొనగల స్త్రీలు కావలెనని ఆమె కోరిక. 1923 భూకంపమునాటి అగ్నిలో బడి కాలిపోయెను. ఆమె అప్పటికే రోగి. స్నేహితురాలు అన్నా హార్ట్‌షోర్న్ అమెరికాలో తిరిగి విరాళములు కూర్చెను. ఉమెకో 1929లో నిద్రించెను. బడి నేడు త్సుదా విశ్వవిద్యాలయము. ఆనాడు ఆమెకు పని చూపని దేశము 2024లో అయిదువేల యెన్ల నోటుపై ఆమె ముఖమును ముద్రించెను.