ఫిరౌన్ ఒక్కడే మిస్ర్ కాదు

మన ఇండ్లలో ఫిరౌన్ పేరు ఎరుగని పిల్లవాడు ఉండడు. హజ్రత్ మూసా అలైహిస్సలాం కిస్సా వినేటప్పుడే ఆ పేరు చెవిన పడుతుంది. అహంకారి, జాలిం, చివరికి నీళ్ళల్లో మునిగిపోయినవాడు. ఎవడైనా గర్వంగా మాట్లాడితే "వీడొక ఫిరౌన్" అని పెద్దలు అనడం కూడా మామూలే. అది సరియైన మాటే. అయితే ఆ జాలిం పేరు ఒక్కటే గుర్తు పెట్టుకొని, ఆ దేశంలో మూడు వేల ఏండ్లు దున్నుకొని, నేసుకొని, పిల్లలను సాకిన లక్షలాది జనాన్ని కూడా అదే లెక్కలో వేయుట న్యాయమేనా? ఈ సంగతి సోదర సోదరీమణుల ముందు పెట్టుటకే ఈ నాలుగు మాటలు.

మొదట ఆ మాట సంగతి. ఫిరౌన్ అనేది ఒక మనిషి పేరు కాదు. మిస్ర్ పాత భాషలో "పెర్ ఆ" అంటే పెద్ద ఇల్లు, అనగా రాజభవనం. వెనుకట మన పల్లెల్లో "గడి నుంచి కబురొచ్చింది" అంటే దొర పిలిచిండని అర్థం కదా! అట్లనే అక్కడ ఇంటి పేరే రాజుకు పేరై కూర్చున్నది. ఇది క్రీ.పూ. 15వ శతాబ్దం ప్రాంతపు మాట. అంతకు వెయ్యేండ్ల ముందే గీజాలో ఖూఫూ అనే రాజు పెద్ద పిరమిడ్ కట్టించాడు. కట్టినప్పుడు దాని ఎత్తు సుమారు 146 మీటర్లు. అందులో రాళ్ళు సుమారు 23 లక్షలు. కొరడా దెబ్బలు తినే బానిసలు దాన్ని కట్టినట్లు సినిమాల్లో చూపిస్తారు. కాని 1990లో దాని దగ్గరనే కట్టినవాళ్ళ గోరీలు బయటపడినవి. వాళ్ళ ఎముకల్లో విరిగి మళ్ళీ సరిగ్గా అతికినవి ఉన్నవి. అంటే దెబ్బ తగిలిన మజ్దూర్‌కు వైద్యం జరిగింది, చనిపోతే రాజు గోరీ పక్కనే జాగా దొరికింది.

ఆ దేశానికి ప్రాణం నైలు నది. ఏటా ఎండాకాలం చివర వరద వచ్చి పొలాల మీద నల్లటి ఒండ్రు పరచిపోయేది. అందుకే వాళ్ళు తమ దేశాన్ని "నల్ల నేల" అని పిలుచుకున్నారు. ఏడాదికి మూడే కాలాలు: వరద, విత్తుట, కోత. గట్లు పోసి, వరద నీటిని మడుగులుగా నిలిపి, భూమి తడిసినంక వదిలేవారు. వరద తక్కువైతే కరువు, ఎక్కువైతే ఊళ్ళు మునక. మంజీరపై 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన నిజాంసాగర్ నీళ్ళు ఎరిగిన మన రైతులకు ఈ బాధ వేరే చెప్పనక్కరలేదు. తిండి కూడా మనకు తెలిసినదే: గోధుమ, యవల రొట్టె, పప్పు, ఉల్లి, వెల్లుల్లి, చేప. పిండిలో ఇసుక కలిసి ఆ రొట్టెలు తినీతినీ పళ్ళు అరిగిపోయేవి. ఈ విషయంలో రాజుకు, కూలికి తేడా లేదు.

రాజుల గోరీలు తొలిచే పనివాళ్ళకు ఒక ప్రత్యేక ఊరు ఉండేది. జీతం నగదు కాదు, నెలనెలా ధాన్యం. మూడవ రామ్సెస్ ఏలుబడి 29వ ఏట, సుమారు క్రీ.పూ. 1157లో, ఆ ధాన్యం సమయానికి రాలేదు. పనివాళ్ళు పనిముట్లు పక్కన పెట్టి, గుళ్ళ దగ్గరికి పోయి కూర్చున్నారు. ఆకలి, దప్పిక తాళలేక వచ్చినామని, బట్ట లేదు, నూనె లేదు, కూర లేదని మొర పెట్టుకున్నారు. ఆ సంగతి రాసిన కాగితం ఇటలీలోని ట్యూరిన్ మ్యూజియంలో నేటికీ ఉన్నది. లోకంలో రాతలో దొరికిన మొదటి సమ్మె ఇదే. ఫిరౌన్ ముందర నోరు తెరిచి అడిగినవాళ్ళు ఆ దేశంలోనే పుట్టినారని దీనివల్ల తెలుస్తుంది.

ఇక వాళ్ళ మతం. సూర్యుని, నదిని, ఎందరో దేవతలను కొలిచారు. మన అఖీదాకు దానికి పొత్తు లేదు. అయినా ఒక విషయం గమనించదగ్గది. చచ్చినంక లెక్క అప్పజెప్పాలని వాళ్ళు నమ్మినారు. త్రాసులో ఒక దిక్కు మనిషి గుండె, మరో దిక్కు సత్యానికి గుర్తుగా ఒక ఈక. తూకంలో మోసం చేయలేదని, పసిపిల్లల నోటి కాడి పాలు లాగలేదని, పారే నీటికి అడ్డకట్ట వేయలేదని ఆ మనిషి చెప్పుకోవాలి. మీజాన్ మాట వింటూ పెరిగిన మనకు ఇది వింటే ఒళ్ళు జలదరిస్తుంది.

ఈ తూనిక కోసమే శరీరం చెడిపోకుండా దాచేవారు. మెదడు, పేగులు తీసి, గుండెను మాత్రం ఉంచి, ఒక రకం సౌడు ఉప్పులో ఎండబెట్టి, నారబట్ట చుట్టేవారు. మొత్తం పని 70 దినాలు. "మమ్మీ" అనే మాట మన మోంబత్తిలోని "మోమ్"కు చుట్టమే. ఫార్సీలో మోమ్ అంటే మైనం, దాని నుంచి మోమియా పుట్టింది.

అటువంటి ఒక మమ్మీ మనకు దూరాన లేదు. ఎల్లారెడ్డిలో బస్సెక్కితే ఒక పూట ప్రయాణం. హైదరాబాద్ బాగే ఆంలో, అసెంబ్లీ పక్కనున్న రాష్ట్ర మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉన్నది. ఆరవ నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ 1920 ప్రాంతంలో వెయ్యి పౌన్లకు కొని తెచ్చాడని, ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1930లో మ్యూజియానికి ఇచ్చారని చెప్తారు. నైషు అనే రాజకుమార్తె అని కూడా అంటారు. వయస్సు రెండు వేల ఏండ్లకు పైబడినది. 2016లో ఎక్స్‌రే, స్కానింగ్ తీసి, చెడిపోకుండా మరమ్మతు చేశారు.

పిల్లలు అక్కడ "దయ్యం, దయ్యం" అని అరుస్తారు, కిలకిల నవ్వుతారు. పెద్దలు కూడా తమాషా చూసినట్లే చూసి పోతారు. జర ఆలోచించండి. ఆ పెట్టెలో ఉన్నది ఒక తల్లి కన్న బిడ్డ. ఎవరో ఓపికగా ఆ ఒంటికి బట్ట చుట్టారు. సొంత ఊరి మట్టిలో పడుకోవలసిన ఆడబిడ్డ, అమ్మకానికి పెడితే సముద్రం దాటి మన ముల్కుకు వచ్చింది. ఆమె మన మెహమాన్. ఒక యూదుని జనాజా పోతుంటే హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం లేచి నిలబడ్డారని, అదీ ఒక ప్రాణమే కదా అన్నారని హదీసులో చదువుకున్నాం. అదే అదబ్ ఇక్కడ కూడా వర్తిస్తుంది.

కాబట్టి తల్లిదండ్రులకు నా మనవి. సెలవుల్లో పిల్లలను ఆ మ్యూజియానికి తీసుకపోండి. లోపలికి పోయే ముందే చెప్పండి: ఫిరౌన్ జుల్మ్ నుంచి పాఠం నేర్చుకోవాలి, అతని దేశపు జనం మీద మాత్రం నవ్వరాదు. జాలిం ఏ దేశంలోనైనా పుట్టవచ్చు. వాని పేరున ఒక కౌమ్ మొత్తాన్ని తూచే త్రాసు మన చేతికి ఎవరూ ఇవ్వలేదు. మనల్ని కూడా ఎవరూ అట్లా తూచరాదని కోరుకునేవాళ్ళం, ముందు మనమే ఆ ఇన్సాఫ్ చేయాలి.