చాటలో వజ్రం



కందిపప్పు చాటలో పోసుకుని రాళ్ళు ఏరేటప్పుడు మన కన్ను ఏం చేస్తుందో ఎప్పుడైనా గమనించారా? ఒక్కొక్క గింజనీ చూడదు. గింజల మధ్య యిమడని దాని మీదకే పోయి ఆగుతుంది. వేళ్ళు వాటంతటవే ఆ బెడ్డను పట్టుకుంటాయి. సరిగ్గా యీ చాటతో, యీ రోకలితో, బియ్యం కడిగినట్టు కడిగే యీ పద్ధతితోనే ఒకప్పుడు మన కృష్ణ ఒడ్డున వజ్రాలు తీశారంటే నమ్ముతారా? ఆ కథే యివాళ చెప్పుకుందాం.

ముందు ఒక అపోహ తీసేసుకోవాలి. వజ్రం నేలమీద ధగధగా మెరుస్తూ వుంటుందనుకుంటాం. దుకాణంలో మనం చూసేది సానపట్టిన రాయి. నేలలో దొరికేది జిడ్డు పూసిన గాజుముక్కలా, అరిగిన పటికబెల్లం పలుకులా వుంటుంది. పక్కనే వున్న పలుగురాయి దానికంటే అందంగా కనిపించినా ఆశ్చర్యం లేదు. అందుకని ఎరిగినవాళ్ళు ముందు రాయి కోసం చూడరు, నేలను చూస్తారు.

ఏ నేలను చూడాలన్నది మనవాళ్ళకు చాలా పూర్వమే తెలుసు. 13వ శతాబ్దం చివర మార్కోపోలో అనే వెనిస్ వర్తకుడు మోటుపల్లి రేవు గురించి రాశాడు. ఆ రాజ్యాన్ని మహా వివేకం గల ఒక రాణి ఏలిందన్నాడు. ఆమె మన రుద్రమదేవేనని చరిత్రకారులు చెబుతారు. (ఆమెను రాజుగారి భార్యగా రాశాడు గాని, ఆమె గణపతిదేవుడి కూతురు. ఆడది సింహాసనమెక్కితే భర్త పోయాకనే అయివుంటుందనుకున్నాడు కాబోలు!) వానలకు కొండలమీంచి వాగులు పొంగి వస్తాయనీ, నీరు తీసిపోయాక జనం ఆ వాగుల అడుగున వజ్రాలు ఏరుకుంటారనీ అతను రాశాడు. దానితోపాటు పాములున్న లోయలోకి మాంసం ముక్కలు విసిరితే వాటికి వజ్రాలు అంటుకుంటాయనీ, గద్దలు ఆ ముక్కల్ని పైకి తెస్తాయనీ ఒక కథ కూడా రాశాడు. గని తెరిచేటప్పుడు పశువుల్ని బలి యివ్వడం, గద్దలు ఆ మాంసం ఎత్తుకుపోవడం చూసి ఎవరో అల్లిన కథ యిదని వాలెంటైన్ బాల్ అనే భూగర్భ శాస్త్రవేత్త 19వ శతాబ్దంలో అన్నాడు. గద్దల మాట ఎలా వున్నా, వాగుల మాట మాత్రం అక్షరాలా నిజం.

ఎందుకంటారా? వజ్రం పుట్టేది భూమిలోపల 150 కిలోమీటర్లకు పైగా లోతున. కోట్ల ఏళ్ళ క్రితం అగ్నిపర్వతం లాంటి పేలుడులో, పొగగొట్టంలాంటి సన్నని దారిన పైకి తన్నుకొచ్చింది. ఆ గొట్టంలో గడ్డకట్టిన రాతిని కింబర్లైట్ అంటారు. అది మెత్తని రాయి. ఎండకూ వానకూ చితికిపోతుంది. వజ్రం చితకదు. వానకు కొట్టుకొచ్చి, వాగులో పడి, తనలాగే గట్టివైన గులకరాళ్ళతో కలిసి, ప్రవాహం మందగించిన చోట అడుగున చేరుతుంది. అందుకే నల్లరేగడి కింద నున్నని గులకరాళ్ళ పొర ఎక్కడ తగిలితే అక్కడ ఆశ. కొండ వాలు దిగి చదునైన చోట మరీ ఆశ.

కొల్లూరు అలాంటి చోటే. నిన్న మొన్నటి గుంటూరు జిల్లా, యిప్పటి పల్నాడు జిల్లాలో కృష్ణ ఒడ్డున వుండేది. ఒకవైపు నది, ఒకవైపు కొండలు, నడుమ మైదానం. 17వ శతాబ్దంలో అక్కడికి వచ్చిన తావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు ఆ గని ఎలా బయటపడిందో విని రాశాడు. ఒక పేదవాడు జొన్నో సజ్జో విత్తుకుందామని నేల తవ్వుతుంటే 25 కారెట్ల రాయి దొరికిందట. కొండకు దగ్గరగా పోయినకొద్దీ పెద్ద రాళ్ళు దొరుకుతాయనీ, మరీ పైకెక్కితే ఏమీ వుండవనీ పనివాళ్ళు చెప్పారట. మట్టి రంగే రాయికి పడుతుందని, అంటే ఎర్రమట్టిలో రాయికి ఎర్ర ఛాయ వస్తుందని కూడా అనుకునేవారు. అది తప్పని యిప్పుడు తెలుసు. రాయిలో రంగు చాలావరకు పుట్టుకతో వచ్చేదే. కాని కొండ దగ్గర పెద్దరాయి అన్న మాట చూడండి! బరువైనది ముందే దిగిపోతుందన్న లెక్క ఏ బడికీ పోకుండానే వాళ్ళకు తెలుసు.

ఇక పని ఎలా జరిగేదో చూద్దాం. తవ్వే చోటు నిర్ణయించుకున్నాక, దాని పక్కనే యింకో చోటు చదునుచేసి చుట్టూ రెండడుగుల గోడ కట్టేవారు. తవ్వేముందు పూజ, నుదుట బొట్టు, బొట్టు మీద అక్షింతలు. తరువాత విస్తరాకుల్లో అన్నం, కాచిన నెయ్యి, చక్కెర. భోజనమయ్యాక మగవాళ్ళు గుంటలోకి దిగేవారు. ఆడవాళ్ళూ పిల్లలూ మట్టి మోసి గోడల మధ్య పోసేవారు. పది, పన్నెండు, పధ్నాలుగు అడుగులు పోయేసరికి నీరు పడేది. ఆ నీరే కుండలతో తోడి మట్టిమీద పోసి, అంబలిలా అయ్యేదాకా ఒకటి రెండు రోజులు నాననిచ్చేవారు. ఆ పైన గోడ అడుగున కన్నాలు తెరిస్తే బురదనీరు పోయేది. మళ్ళీ నీళ్ళు పోయడం, మళ్ళీ వంపడం. మిగిలిన యిసుక ఎండలో ఆరాక చాటలకెత్తి, ధాన్యం తూర్పారబట్టినట్టు గాలికి పోసేవారు. దుమ్ము ఎగిరిపోయేది. మిగిలిన గడ్డల్ని పెద్ద రోకళ్ళతో దంచి, మళ్ళీ చెరిగి, అప్పుడు నేలమీద పరిచి చేత్తో ఏరేవారు.

నానబెట్టడం, వంపడం, ఆరబోయడం, చెరగడం, దంచడం, ఏరడం! యిందులో మన వంటింట్లో లేనిది ఏమిటి చెప్పండి?

కొల్లూరులో అలా మగవాళ్ళూ, ఆడవాళ్ళూ, పిల్లలూ కలిసి దాదాపు 60,000 మంది పని చేస్తున్నారని తావెర్నియే రాశాడు. మరో గని దగ్గర కూలి లెక్క కూడా చెప్పాడు. పని క్షుణ్ణంగా తెలిసిన మనిషికి ఏడాదికి మూడు వరహాలు! యాభైమంది పనివాళ్ళకు పన్నెండు పదిహేనుమంది కాపలా. అయినా మింగేసేవారట, ఒకడైతే కంటి కొలికిలో దాచాడట. మరి మూడు వరహాలతో యిల్లు గడిచేదెలా? పెద్దరాయి దొరికితే తలపాగా గుడ్డా, కాస్త సొమ్మో బియ్యమో బహుమానం. మట్టి మోసిన ఆడవాళ్ళకు ఎంత ముట్టిందో ఆయన విడిగా రాయలేదు. 1676లో ఆయన పుస్తకం అచ్చయింది. అది జరిగిన పాతికేళ్ళకు చెన్నపట్నం కోట గవర్నరు థామస్ పిట్, కృష్ణాతీరపు గనుల్లో దొరికిందని చెప్పే 410 కారెట్ల రాయిని 48,000 వరహాలకు కొన్నాడు. మూడు వరహాల చొప్పున అది పదహారువేల ఏళ్ళ కూలి. సానపట్టాక ఆ రాయిని ఫ్రాన్సు వాళ్ళకు అమ్మాడు. యిప్పుడది పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో వుంది.

వాగుల్లో దొరికే వజ్రం అసలెక్కడినుంచి బయలుదేరిందన్న ప్రశ్నకు జవాబు వెదకాలంటే అనంతపురం జిల్లా వజ్రకరూరు వెళ్ళాలి. అక్కడ నేలలో యిందాక చెప్పిన గొట్టాలే వున్నాయి. ఆకుపచ్చా నీలం కలిసిన రాయి. శాస్త్రజ్ఞులు అక్కడ కూడా వజ్రాన్ని నేరుగా వెదకరు. మట్టిని కడిగి చూస్తారు. దానిమ్మగింజ రంగు గార్నెట్, చిక్కని ఆకుపచ్చ డయాప్సైడ్, నల్లని ఇల్మనైట్ పలుకులు కనిపిస్తే దగ్గరలో గొట్టం వుందని అనుమానిస్తారు. యివి వజ్రానికి ప్రయాణపు తోడు. వజ్రంకంటే ఎన్నోరెట్లు ఎక్కువగా దొరుకుతాయి కనుక, ఏ వాగుకు ఎదురుగా పోవాలో ముందు యివే చెబుతాయి. అలాగని తోడు కనిపించిన ప్రతిచోటా వజ్రం వుండాలని లేదు; గొట్టాల్లో చాలావాటిలో గిట్టుబాటయ్యేంత వుండదు.

శాస్త్రం యింత పెరిగినా, యిప్పటికీ తొలకరి పడగానే కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర చుట్టుపక్కల చేలలోకి జనం బయలుదేరతారు. వాన దుమ్ము కడిగేస్తుంది గదా, అప్పుడే కంటికి ఆనుతుంది. వజ్రానికి మామూలుగా నీళ్ళు అంటవు, జిడ్డుకైతే అతుక్కుంటుంది కూడా. పక్క జిల్లాల నుంచీ, పక్క రాష్ట్రాల నుంచీ వచ్చి చెట్ల కింద వండుకుంటారు. ఆడవాళ్ళు కొంగు బిగించి, నడుం వంచి, చాళ్ళవెంట పొద్దుగూకేదాకా నడుస్తారు. అప్పుచేసి వచ్చేవాళ్ళుంటారు, వారాల తరబడి వుండి వట్టిచేతులతో పోయేవాళ్ళే ఎక్కువ. ఒకవేళ దొరికితే? ఎంత బరువో, ఎంత నాణ్యమో చెప్పేది కొనే వర్తకుడే. ఏరినవాళ్ళకు ఆ పూట సొమ్ము అవసరం, అది అతనికి తెలుసు.

కొల్లూరులో మాత్రం యిప్పుడు ఏరడానికేమీ లేదు. 2013లో ప్రారంభమైన పులిచింతల జలాశయం ఆ చోటును ముంచేసింది. అరవైవేలమంది తవ్విన గుంటలన్నీ నీళ్ళ అడుగున వున్నాయి.