చుక్క నడిచిన గాజుబుడ్డి

ట్రాన్సిస్టరు ఇంకా ప్రయోగశాల గడప దాటని రోజులలో అణుశాస్త్రజ్ఞులకు ఒక విచిత్రమైన చిక్కు ఎదురైనది. గైగర్ గొట్టం నుండి జడివానలా వచ్చే స్పందనలను లెక్కించుట ఎట్లు? మీటలతో తిరిగే యంత్రాలు ఆ వేగాన్ని అందుకొనలేవు. రేడియో వాల్వులు అందుకొనగలవు గాని, పదివరకు లెక్కించుటకే పలు వాల్వులు కావాలి. అవి వెలువరించే వేడి వేరొక బాధ. బ్రిటన్‌లోని ఎరిక్సన్ టెలిఫోన్స్ సంస్థకు చెందిన బేకన్, పొలార్డ్ 1950లో లోకానికి పరిచయం చేసిన డెకట్రాన్ ఈ చిక్కును చాలవరకు తీర్చింది.

చూచుటకది చిన్న గాజుబుడ్డి. లోపల వేడెక్కే తీగ లేదు. నడుమ ధనధ్రువమైన గుండ్రని బిళ్ళ, చుట్టూ 30 సన్నని కడ్డీలు, వాని నడుమ అల్పపీడనంలో నియాన్ వాయువు. కడ్డీలలో పది మాత్రమే అంకెలవి. ప్రతి రెండు అంకెల మధ్య రెండేసి కడ్డీలు దారి చూపుటకే ఉన్నవి. సుమారు 450 వోల్టుల విద్యుత్తు అందినపుడు ఒక్క కడ్డీ కొసన నారింజ వన్నె చుక్క వెలుగుతుంది. స్పందన రాగానే మొదటి దారికడ్డీ, వెనువెంటనే రెండవది ఆ చుక్కను తమవైపు లాగుకొని తరువాతి అంకెకు అప్పగిస్తాయి. ఆ రెండింటి వరుస తారుమారైతే చుక్క వెనుకకు నడుస్తుంది. కూడికయు తీసివేతయు ఒక్క బుడ్డిలోనే ఇమిడిన చమత్కారమిది. పది పూర్తికాగానే పక్క బుడ్డికి ఒక స్పందన వెళుతుంది. ఒకట్ల స్థానంలో సున్న ఉంచి పదుల స్థానానికి ఒకటి పంపే మన బడిలెక్క వంటిదే.

హార్వెల్ అణుశక్తి పరిశోధనా కేంద్రంలో కుక్ యార్‌బరో, బార్న్స్, థామస్ 828 డెకట్రాన్లతో నిర్మించిన కంప్యూటరు 1951లో పని ప్రారంభించింది. ఒక గుణకారానికి 5 నుండి 10 సెకన్లు! ఫాసీ అనే గణితజ్ఞుడు చేతియంత్రంతో దానికి పోటీగా కూర్చొని సుమారు అరగంట సమానంగా నిలిచాడట. పిదప అలసి లేచిపోయాడు. యంత్రం మాత్రం ఆగలేదు. రోజుల తరబడి పర్యవేక్షణ లేకుండానే తప్పులేక పనిచేయుటే దాని ఘనత.

1957లో హార్వెల్‌కు దాని అవసరం తీరింది. దానిని ఎట్లు సద్వినియోగం చేయగలరో తెలుపుమని విద్యాసంస్థలకు పోటీ పెట్టగా, వుల్వర్‌హాంప్టన్ సాంకేతిక కళాశాల గెలుచుకొన్నది. అచట 1973 వరకు అది విద్యార్థులకు పాఠం చెప్పింది. పాతబడుట ఇక్కడ లోపము కాలేదు. లెక్క జరుగుచుండగా కంటితో చూడగల కంప్యూటరు మరి ఏ విద్యార్థికి దొరికింది? తదుపరి మ్యూజియంలోను, గిడ్డంగిలోను గడిపి, బ్లెచ్లీ పార్కులోని కంప్యూటరు మ్యూజియం వారి మరమ్మతుతో 2012 నవంబరు 20న మరల పనిచేసింది.

ఈ బుడ్డిల తయారీ ఏనాడో నిలిచిపోయినను, పాత నిల్వలలోని బ్రిటిష్, సోవియట్ డెకట్రాన్లను సేకరించి చుక్కను గిరగిర తిప్పే చిన్న సర్క్యూట్లు కట్టే అభిరుచిపరులు నేటికీ ఉన్నారు. 12 వోల్టులను 450కి పెంచే భాగమే ఇందులో ప్రమాదకరము. విద్యుత్తు ఆపిన పిదప కూడ కెపాసిటర్లలో నిలిచిన శక్తి గట్టి దెబ్బ కొట్టగలదు. ఏళ్ళ తరబడి కదలని బుడ్డిలో చుక్క ఒక్కొక్కప్పుడు ఒక అంకె వద్ద మొరాయిస్తుంది. అనుభవజ్ఞులు దానిని వెంటనే పారవేయరు. గంటలు, అవసరమైతే రోజులు తిప్పుతూ ఉంచుతారు. చాలాసార్లు అది మరల నడక అందుకొంటుంది.