మట్టిపట్టీ మీద మూడు వేళ్లు

పొద్దు లంకమల వెనక్కి దిగుతోంది. మీరు మోకాళ్ల మీద కూర్చుని జల్లెడ పట్టిన మట్టిని నేల మీద పలచగా పరుస్తున్నారు. పట్టీ పొడవు 5 మీటర్లు, వెడల్పు జానెడుకు కాస్త ఎక్కువ. చివర కొంచెం ఎగుడుదిగుడుగా ఉందని అరచేత్తో అదమబోతారు. వెంట ఉన్న అడవి వాచర్ గబుక్కున ఆపుతాడు.

“అదమొద్దు సామీ! ఆ పిట్టెంత, దాని బరువెంత? నేల గట్టిపడితే దాని కాలు పడ్తాదా?”

చేయి వెనక్కి తీసుకుంటారు. చీపురుపుల్లతో ఆయనే మట్టిని సర్దుతాడు. ఇలాంటి పట్టీలు పొదల సందుల్లో ఇంకా ఉన్నాయి. చీకటి పడేలోగా అన్నీ సరిచూడాలి.

కడప జిల్లాలోని శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఇది. అభయారణ్యమంటే మీరు ఊహించుకుని వచ్చింది వేరు. ఆ ఊహకు సరిపోయే అడవి కొండ మీద ఉంది. ఎర్రచందనం, ఎలుగుబంటి, చిరుత, ఫొటోకు పనికొచ్చేవన్నీ అక్కడే. 1988లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించడానికి కారణమైన పిట్ట మాత్రం కింద, ఈ ముళ్లకంపల్లో తిరిగేది. కలివికోడి. ఇంగ్లిషు పుస్తకాల్లో జెర్డాన్స్ కోర్సర్. 1848లో శాస్త్రలోకానికి తెలిసింది, 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు. ఇక లేదనే అనుకున్నారు. 1986 జనవరిలో ఇక్కడికి దగ్గర్లోనే, రెడ్డిపల్లె పరిసరాల్లో, రాత్రి టార్చి వెలుగులో ఒక స్థానికుడి చేతికి చిక్కింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున దానికోసం ఊరూరా తిరిగిన భరత్ భూషణ్ వెతుకులాట అలా ఫలించింది. ఆ పిట్ట మాత్రం ఎక్కువ కాలం బతకలేదు.

మధ్యాహ్నమంతా మీరు చేసింది పిట్టల లెక్క కాదు, పొదల లెక్క. తాడుతో హద్దు కట్టిన చదరంలో తుమ్మ, చండ్ర, రేగు, కలివి, ఒక్కోదాని పక్కన 2 మీటర్ల కర్ర నిలబెట్టి, దానికంటే పొడవైనవి ఒక గడిలో, పొట్టివి ఇంకో గడిలో రాసుకుంటూ పోయారు. చొక్కా మూడుచోట్ల చిరిగింది. ఈ పని విసుగని మీకు తోచి ఉంటే తప్పేం లేదు, నిజంగానే విసుగు. కానీ కలివికోడి గురించి తెలిసిన గట్టి సంగతుల్లో ఒకటి ఇలాంటి లెక్కల్లోంచే వచ్చింది. హెక్టారుకు 300 నుంచి 700 దాకా పెద్ద పొదలున్నచోటే దాని అడుగులు ఎక్కువగా దొరికాయి. మరీ బయలైతే అది నిలవదు. పొదలు మరీ కమ్ముకుంటే పరుగెత్తడానికి దారి ఉండదు.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఆ సందులను తెరిచి ఉంచుతున్నది ఎవరు? మేకలు, కంప కొట్టుకునేవాళ్లు. మందలు పెరిగితే పొద మిగలదు. పూర్తిగా తోలేస్తే కొన్నేళ్లకు పొదలన్నీ కలిసిపోతాయి. కంచె కట్టేస్తే అడవి బాగుపడుతుందని నమ్మేవాళ్లు ఒక్కరోజు ఈ చదరాల్లో కర్ర పట్టుకుని తిరగాలి. ఎవరికీ అక్కరలేని కంపభూమి అనుకున్నందువల్లే ఈ నేలకు మరో ముప్పూ వచ్చింది. తెలుగుగంగ కాలువ ఈ పొదల్లోంచే పోవాల్సింది. పిట్ట కోసం దాని దారి మార్చారు.

పొద్దుగూకింది. మాటలు బంద్. కలివికోడి కూస్తే సూర్యాస్తమయం తర్వాత ముప్పావు గంటకు అటూ ఇటూ కూస్తుంది, అదీ కొన్ని నిమిషాలే. మీరు బండకు ఆనుకుని కూర్చుని చెవులు రిక్కిస్తారు. కీచురాళ్లు మొదలయ్యాయి. ఎక్కడో కౌజులు ఆఖరిసారి గోల చేసి ఊరుకున్నాయి. వాచర్ చిన్న స్పీకరులో రికార్డు చేసిన కూత వినిపిస్తాడు: ట్విక్-టూ, ట్విక్-టూ. ఆపి, వింటాడు. మళ్లీ వేస్తాడు. ఉన్నట్టుండి ఎడమవైపు నుంచి కూత! మీ గుండె ఝల్లుమంటుంది.

“తీతువు,” అంటాడాయన తల తిప్పకుండానే. “అపశకునమని ఊర్లో తిడతారు గానీ, ఈడ మనకు దొరికేది అదే.”

తెల్లారుతూనే పట్టీల దగ్గరికి. ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడే గుర్తులు చదవాలి, పైకొస్తే నీడ పోయి అన్నీ ఒకటే అవుతాయి. మొదటి పట్టీలో కుందేలు. రెండోదాంట్లో ఏదో పురుగు కుట్టిన సన్నని గీత, దాన్ని అడ్డంగా తెంపుతూ పాము పోయిన వంపు. మూడోదాంట్లో ముళ్లపంది పాదాలు, వెనకాల ముళ్లు ఈడ్చిన గీరలు. నాలుగో పట్టీ దగ్గర ఇద్దరూ ఒకేసారి వంగుతారు. మూడు వేళ్లు. వెనక వేలు లేదు.

కలివికోడికి వెనక వేలుండదు. పసుపు తోలు వేలాడే తీతువుకూ ఉండదు, రాత్రిళ్లు తిరిగే పెద్దకళ్ల నేలపిట్టకూ ఉండదు. స్కేలు పక్కన పెట్టి ఫొటో తీస్తారు. వేలి పొడవు, వేళ్ల మధ్య ఎడం, అడుగుకూ అడుగుకూ దూరం. దగ్గర్లోని చెట్టుకు కట్టిన కెమెరాలో రాత్రి ఫొటోలు తిప్పి చూస్తే ఒక నక్క, ఊగిన కొమ్మ. “మూడు వేళ్లు, నిర్ధారణ కాలేదు” అని ఫారంలో రాయమంటాడు వాచర్. మీకు రాయబుద్ధి కాదు. అయినా రాస్తారు.

ఐదో పట్టీ మీద చదవడానికేం మిగల్లేదు. పొద్దున్నే మంద దాని మీదుగా నడిచిపోయింది. వాచర్ కోపంగా మేకల కుర్రాణ్ణి కేకేస్తాడు.

“ఏమిరా, ఈడికి తోలొద్దని ఎన్నిసార్లు చెప్పాల?”

కుర్రాడు కర్ర భుజానేసుకుని, తాపీగా దగ్గరికొచ్చి పట్టీని తేరిపార చూస్తాడు.

“చూసి పక్కకు పోయేదానికి మేకలేమన్నా సదువుకున్నాయా మామా?”