ప్రథమపురుష నుంచి ఉత్తమపురుషకు: క్వీర్ లఘుచిత్రాల్లో స్వీయకథనం

ఫస్లీ 1329లో, అనగా క్రీ.శ. 1919 ప్రాంతంలో, నిజాం ప్రభుత్వం నపుంసకుల చట్టమొకటి చేసింది. హైదరాబాదు నగరంలో గాని, ప్రభుత్వం ఆ చట్టాన్ని ప్రత్యేకంగా వర్తింపజేసిన మరే ప్రాంతంలో గాని నివసిస్తూ, బాలురను అపహరిస్తారనో, వారికి అంగచ్ఛేదం చేస్తారనో అనుమానానికి గురైనవారి పేర్లను, నివాసాలను ఒక రిజిస్టరులో నమోదు చేయాలన్నది అందులోని ప్రధాన నిబంధన. గోదావరి ఒడ్డున ఉన్న లక్సెట్టిపేట వంటి చిన్న ఊరికైనా దాన్ని విస్తరించే అధికారం ప్రభుత్వానికి ఉండేదన్నమాట. రిజిస్టరుకెక్కిన వ్యక్తి స్త్రీవేషంతో వీధిలో కనిపించినా, వీధిలోని వారికి కనబడాలనే ఉద్దేశంతో మరెక్కడ ఉన్నా, నాట్యమాడినా, వాద్యం వాయించినా, బహిరంగ వినోదంలో పాల్గొన్నా వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. 2 సంవత్సరాల వరకు కారాగార శిక్ష విధించవచ్చు. బ్రిటిష్ ఇండియాలో 1871 నాటి నేరస్థ తెగల చట్టంలో ఇటువంటి భాగమే ఉండేది. అది 1911లో రద్దయింది. అక్కడ వదిలించుకున్నదాన్ని హైదరాబాదు రాజ్యం ఆ తరువాత తెచ్చుకోవడం గమనించదగిన విషయం.

ఈ చట్టంలో రెండు అంశాలు సినిమా చరిత్రకారునికి ముఖ్యమైనవి. ఒకటి, కనబడాలనే ఉద్దేశమే నేరం కావడం. రెండోది, ఆ మనుషుల గురించిన రాత అంతా ప్రథమపురుషలో, పోలీసు చేతిరాతలో ఉండటం. క్వీర్ లఘుచిత్రాలు ఈ రెండింటినీ తలకిందులు చేస్తాయి. స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు మొదలైనవారు కలిసి స్వీకరించిన పేరు ‘క్వీర్’. వారి చిత్రాలను హక్కుల ఉద్యమానికి అనుబంధంగా మాత్రమే పరిశీలించడం పరిపాటి అయింది. అది పొరపాటు కాదు గాని, చాలదు. అవి స్వీయచరిత్ర ప్రక్రియకు చెందిన రచనలు కూడా.

భారతదేశంలో ఈ చరిత్రను సాధారణంగా రియాద్ వాడియా తీసిన ‘బాంగే’ (1996)తో ప్రారంభిస్తారు. ఆర్. రాజారావు కవితల ఆధారంగా రూపొందిన ఆ చిత్రం నిడివి దాదాపు 12 నిమిషాలు. కాని స్వీయకథనం దృష్ట్యా అంతకన్నా కీలకమైనది నిషిత్ శరణ్ చిత్రం ‘సమ్మర్ ఇన్ మై వీన్స్’ (1999). హార్వర్డులో చదువు ముగించుకున్న కొడుకు తల్లితోను బంధువులతోను అమెరికాలో ప్రయాణిస్తాడు. హెచ్ఐవీ పరీక్ష ఫలితం కోసం ఎదురుచూస్తున్న రోజులవి. తాను స్వలింగ ప్రేమికుడినని తల్లికి చెప్పాలి. చెబుతాడు, కెమెరా నడుస్తుండగానే. ఇక్కడ కెమెరా జరిగిపోయినదాన్ని నమోదు చేయడం లేదు. అది ఉన్నందువల్లనే ఆ మాట నోటి నుంచి బయటికి వస్తున్నది. తల్లిని అనుమతి లేకుండా ఇరకాటంలో పెట్టాడన్న ఆక్షేపణకు ఈ చిత్రంలో చోటుంది. దాన్ని తోసిపుచ్చవలసిన పని లేదు. స్వీయచరిత్రకారులందరూ తమ కథతోపాటు ఇంటివారి కథను కూడా బయటపెట్టక తప్పదు. అచ్చులో కప్పిపుచ్చగలిగిన ఆ సంగతి తెరమీద దాగదు.

శ్రీధర్ రంగాయన్ ‘గులాబీ ఆయినా’ (2003)కు సెన్సారు బోర్డు ధ్రువపత్రం నిరాకరించింది. ఢిల్లీ హైకోర్టు 2009 జులై 2న 377వ సెక్షను పరిధిని కుదించిన మరుసటి ఏడాది, ముంబయిలో ‘కశిష్’ చిత్రోత్సవం మొదలైంది. సుప్రీంకోర్టు 2013లో ఆ తీర్పును కొట్టివేసి, 2018 సెప్టెంబరు 6న పరస్పర సమ్మతిగల వయోజనుల సంబంధాన్ని తిరిగి నేరపరిధి నుంచి తప్పించింది.

తెలుగునాట పరిస్థితి భిన్నం. స్థానం నరసింహారావు, వేదాంతం సత్యనారాయణశర్మ ధరించిన స్త్రీపాత్రలకు ప్రేక్షకులు నీరాజనం పట్టారు. ఉత్తర తెలంగాణలో చిందుల ఎల్లమ్మ పురుషపాత్రలు కూడా ధరించి మెప్పించారు. రంగస్థలానికి ఉన్న ఈ ఔదార్యం వెండితెరకు రాలేదు. ‘చిత్రం భళారే విచిత్రం’ (1991), ‘మేడమ్’ (1994) వంటి చిత్రాల్లో చీర కట్టిన మగవాడు నవ్వుకు సాధనం. వేషం విప్పితే చిక్కుముడి వీడుతుంది. ప్రశాంత్ వర్మ ‘అ!’ (2018)లో ఒక యువతి తాను ప్రేమించిన యువతిని తల్లిదండ్రులకు పరిచయం చేసే సన్నివేశం ఉంది. తెలుగు తెరకు అది నిస్సందేహంగా కొత్త. అయితే చివరకు ఆ పాత్రలన్నీ గాయపడిన ఒకే మనసులోని ముక్కలని తేలుతుంది. ఇచ్చిన గొంతును కథ ముగింపులో వెనక్కి తీసుకోవడం ఇది.

గొంతు వీధిలోనే ముందు వినిపించింది. 2013 ఫిబ్రవరి 3న హైదరాబాదులో తొలి స్వాభిమాన యాత్ర జరిగింది. కనబడాలనే ఉద్దేశంతోనే చేసిన నడక అది. ఫస్లీ 1329 చట్టం అప్పటికి ఇంకా రద్దు కాలేదు. అటువంటి నడకలనే ఇతివృత్తంగా తీసుకొని మోసెస్ తులసి ‘వాకింగ్ ద వాక్’ అనే డాక్యుమెంటరీ తీశారు. అచ్చులో ఎ. రేవతి ఆత్మకథను పి. సత్యవతి ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెలుగు చేశారు, ఆ అనువాదానికి 2019 సంవత్సరపు సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. తెలుగు ఉత్తమపురుష ఈ అనుభవాన్ని మోయగలదని ఆ పుస్తకం రుజువు చేసింది.

హైదరాబాదులో పుట్టిన నీరజ్ ఘేవాన్ తీసిన ‘గీలీ పుచ్చీ’ (2021) హిందీ చిత్రం; ‘అజీబ్ దాస్తాన్స్’ సంకలనంలోని ఒక భాగం. కర్మాగారంలో పనిచేసే దళిత యువతి భారతీ మండల్‌కు అర్హత ఉన్నా రాని ఉద్యోగం బ్రాహ్మణ వధువు ప్రియా శర్మకు వస్తుంది. ఇద్దరి మధ్య స్నేహం, ఆకర్షణ కలుగుతాయి. ప్రియ దాచుకున్నది కోరికను. భారతి దాచుకున్నది కులాన్ని. ప్రియ తన రహస్యాన్ని విప్పితే ఓదార్పు దొరుకుతుంది. భారతి విప్పితే ఎదుటి ముఖం మారిపోతుంది. చివర ప్రియ ఇంట భారతికి విడిగా స్టీలు గ్లాసులో టీ వస్తుంది. తన దళిత గుర్తింపును చాలాకాలం దాచుకున్నానని దర్శకుడు బహిరంగంగానే చెప్పుకున్నారు. అందువల్ల ఈ కథలో స్వీయకథనం ప్రేమ ద్వారం గుండా కాక కులం ద్వారం గుండా ప్రవేశించిందనవచ్చు. ‘చెప్పుకుంటే చాలు, విముక్తి’ అనే క్వీర్ చిత్రాల సాధారణ సూత్రాన్ని ఇంత సూటిగా ప్రశ్నించిన లఘుచిత్రాలు అరుదు.

ఈ ప్రశ్నను తెలుగులో అడిగితే ఏమవుతుంది? ఇక్కడ వ్యాకరణం పనికొస్తుంది. హిందీలో ‘నేను వచ్చాను’ అనడానికే పురుషుడు ‘ఆయా’ అనీ, స్త్రీ ‘ఆయీ’ అనీ అనాలి. తెలుగులో ప్రథమపురుష ఏకవచనం లింగాన్ని బయటపెడుతుంది: వచ్చాడు, వచ్చింది. ఉత్తమపురుష క్రియ బయటపెట్టదు. లక్సెట్టిపేట పలుకుబడిలో ‘అచ్చిండు’, ‘అచ్చింది’ అన్నప్పుడు చూసేవారు తీర్పు చెప్పేసినట్లే. ‘అచ్చిన’ అన్నప్పుడు ఆ తీర్పు వాయిదా పడుతుంది. గౌరవంతో ‘అచ్చిన్రు’ అన్నా అంతే. కాని ఈ నీడ సంపూర్ణం కాదు. ‘చిన్నవాణ్ని’, ‘చిన్నదాన్ని’ అనవలసి వచ్చినచోట చెప్పేవారు ఎంచుకోక తప్పదు. తెలుగు సంభాషణ రాసే దర్శకునికి నాటకీయత దొరికేది ఆ ఒక్క పదం దగ్గరే. తాను ఎంతసేపు ‘అచ్చిన’ అంటూ గడిపి, ఏ క్షణాన, ఎవరి ఎదుట ‘దాన్ని’ అంటుందన్నది కథనమంతటినీ నడపగలదు.

ఆ పలుకుబడి తెరకు పనికిరాదనే వాదన నిలవదు. లక్సెట్టిపేటకు గోదావరి అవతల, జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి ‘మై విలేజ్ షో’ బృందం ఆ మాటలతోనే లఘుచిత్రాలు తీసి విశేషమైన ప్రేక్షకాదరణ పొందింది. అదే యాసలో క్వీర్ వ్యక్తి తన కథను తానే చెప్పుకునే లఘుచిత్రానికి ఇక భాషాపరమైన అడ్డంకి లేదు. ఉన్నవి ఇల్లు, కులం, ఊరి కళ్లు. చట్టపరమైన అడ్డంకి కూడా తొలగింది. వైజయంతి వసంత మొగ్లి ప్రభృతులు వేసిన వ్యాజ్యంలో 2023 జులై 6న తెలంగాణ హైకోర్టు ఫస్లీ 1329 చట్టాన్ని రాజ్యాంగవిరుద్ధమని ప్రకటించింది. కనబడాలనే ఉద్దేశం నేరంగా ఒక శతాబ్దానికి పైగా చట్ట గ్రంథాల్లో నిలిచి ఉండి, ఆనాటితో చెల్లిపోయింది.