వండలూరు హెరాల్డు, దాని తమ్ముడు స్పిట్‌ఫైరు



తాంబరం దాటి రైల్లో పోతే పెరుంగళత్తూరు, ఆ తరువాత వండలూరు. ఇప్పుడు ఆ పేరు చెబితే అందరికీ జూ గుర్తుకొస్తుంది. మాకు మాత్రం స్టాండర్డు కార్ల ఫ్యాక్టరీయే గుర్తుకొస్తుంది. 1961లో స్టాండర్డు హెరాల్డు అక్కడినుండే వచ్చింది. ఇంజను 948 సీసీ.

ఇంగ్లాండులో దాని పేరు ట్రయంఫ్ హెరాల్డు. రూపం గీసింది ఇటలీ దేశస్థుడు మికెలొట్టి. దాని ఛాసిస్‌నే పొట్టి చేసి 1962లో స్పిట్‌ఫైరు అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు చేశారు. అది 1980 దాకా నడిచింది. అందుకే అక్కడ స్పిట్‌ఫైరు పెట్టుకున్నవారి తిప్పలూ, ఇక్కడ హెరాల్డు పెట్టుకున్నవారి తిప్పలూ చాలావరకు ఒకటే.

బానెట్టు మడ్‌గార్డులతో సహా ముందుకు వాలుతుంది, పనికి ఎంత వాటమో! బాడీ భాగాలు బోల్టులతో బిగించినవే, తుప్పు పట్టినది విప్పి మార్చవచ్చు. అసలు గండం ముందు చక్రాల దగ్గర ఉంది. చక్రాన్ని మోసే ఇనుప కాడ అడుగుభాగం మరలతో ట్రనియన్ అనే ముక్కలోకి దిగి, స్టీరింగు తిప్పినప్పుడల్లా అందులో తిరుగుతుంది. దానికి పట్టించవలసింది 90 గేరు ఆయిలు. షెడ్డు కుర్రవాళ్లు అలవాటుగా గ్రీజు కొట్టేస్తారు. గ్రీజు మరల్లోకి సరిగా దిగదు. నీళ్లు చేరి, తుప్పు పట్టి, ఒకనాడు కాడ విరిగి చక్రం మడతపడుతుంది.

పాత మెకానిక్కులకు ఇది తెలుసు. వాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. రంగు వేయించి కల్యాణ మంటపం ముందు నిలబెట్టడం మనకు సరదాయే, కానీ దానితో బండి బతకదు. మనవాళ్లెవరైనా హెరాల్డు కొనబోతే, ఆ రెండు చక్రాల దగ్గర ఇన్నాళ్లూ ఏమి పట్టించారో ముందు అడగండి.