మన్యసంఘం నేర్పిన నాయకత్వం

మదీనాగూడ నించి హైటెక్‌సిటీ దాకా ఇవాళ స్వచ్ఛంద సంస్థల వలంటీర్లకి నాయకత్వ శిక్షణ ఇవ్వడం మామూలైపోయింది. 2013 కంపెనీల చట్టం ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. అయితే ఈ శిక్షణల్లో దళిత బస్తీ మనిషి ఎక్కడ కూర్చుంటున్నాడు? మేము చూసినంతవరకు లబ్ధిదారుల వరసలోనే. నాయకత్వం చదువుకున్నవాళ్లు బయట్నించి తెచ్చి ఇచ్చేదన్న అభిప్రాయం దీని వెనక ఉంది. హైదరాబాద్ దళిత చరిత్ర దీన్ని ఒప్పుకోదు.

1906లో జగన్మిత్ర మండలి పెట్టేనాటికి భాగ్యరెడ్డివర్మకి పద్దెనిమిదేళ్లు. మాల కులంలో పుట్టిన ఆయన వెనక ఏ శిక్షణా సంస్థా లేదు. వాడల్లో హరికథలు చెప్పించడంతో పని మొదలైంది. 1910లో ఇసామియా బజార్‌లో బడి పెట్టారు. 1911లో మండలి మన్యసంఘమైంది. జోగిని ఆచారాన్ని, తాగుడిని, బాల్యవివాహాలని ఎదిరించింది. వాడ తగాదాలు వాడలోనే తీర్చే పంచాయతీలను నిలబెట్టింది.

శిక్షణ ఈ పనుల్లోనే ఉంది. హరికథ పెట్టాలంటే జనాన్ని పోగెయ్యాలి. తగాదా తీర్చాలంటే రెండు పక్షాల మాటా వినాలి. బడి నడపాలంటే తల్లిదండ్రుల్ని ఒప్పించాలి, చందా లెక్క అందరికీ చూపాలి. ఇలా పనిలో తేలినవాళ్లే సభల్లో మాట్లాడారు. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగిన పంచమ మహాసభ, పరులు పెట్టిన పేరు తోసేసి ఆది ఆంధ్ర అనే పేరు తీసుకుంది. 1931 జనగణనలో నైజాం రాజ్యపు అంటరాని కులాలు ఆది హిందువులుగా నమోదయ్యాయి.

లోపాలు దాచాల్సిన పనిలేదు. సంస్కరణ భారమంతా అణగారినవాళ్ల అలవాట్ల మీదే పడింది. నాయకత్వంలో తమకి చోటు లేదని మాదిగలు 1931లో అరుంధతీయ మాతంగ మహాసభ ఏర్పరచుకున్నారు. దీన్ని చీలిక అని కొట్టిపారెయ్యడం సరికాదు. వెనక కూచున్నవాళ్లు లేచి ప్రశ్నించడం కూడా ఆ ఉద్యమం పెంచిన నాయకత్వమే. 1955లో ఈ చరిత్రని ఇంగ్లీషులో పుస్తకంగా రాసిన పి.ఆర్. వెంకటస్వామి కూడా ఉద్యమంలో పనిచేసిన మనిషే.

కాబట్టి ఇవాళ్టి శిక్షణల్ని మనం మూడు ప్రశ్నలడగాలి. లెక్కల పుస్తకం ఎవరి చేతిలో ఉంది? తీర్మానం ఎవరు రాస్తున్నారు? శిక్షణ పొందినవాడు శిక్షకుడిని కాదనగలడా? ఈ మూడూ బస్తీ చేతికి రానంతకాలం వలంటీరు కూలి లేని కూలీగానే మిగుల్తాడు.